దూకే ముందు కొలుద్దామని

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడు చెప్తాను. మొన్న ఎండాకాలం సెలవుల్లో మా అత్తారింట్లో నాకు దక్కాల్సిన మర్యాద కాస్తా నా కళ్ళ ముందే నూతిలో పడింది. దాని వెనకాలే నేనూ వెళ్ళాను. పడ్డానా, దూకానా అన్నదే అసలు గొడవ. ఆ గొడవ ఇంకా తేలలేదు!

మాది విజయనగరం. మా ఆవిడ సుజాతది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. వాళ్ళ వరిపొలం మధ్యలో పెద్ద నేలనుయ్యి ఉంది. చుట్టూ రాతి కట్టడం, దిగడానికి మెట్లు, ఎండాకాలం కూడా అద్దంలాంటి నీళ్ళు. ఓ పక్క గట్టు మీంచి నూతి మీదకి చొచ్చుకొచ్చిన బండ ఒకటుంది. పూర్వం దాని మీద నిలబడి ఏతంతో నీళ్ళు తోడేవారట. మోటారు వచ్చాక బండకి పని లేకుండా పోయింది. దానికి మా అత్తారు ఇంకో పని కల్పించారు. ఆ ఇంటి అల్లుడన్నవాడు దాని మీంచి నూతిలోకి దూకాలి. దూకి పైకొచ్చిన అల్లుడికి అత్తగారు స్వయంగా పొందూరు ఖద్దరు కండువా భుజాన వేస్తారు. మధ్యాహ్నం నాటుకోడి కూర. దూకని అల్లుడికి కూడా కోడి పెడతారు, అన్యాయం చెయ్యరు. కండువా మాత్రం ఉండదు.

నా తోడల్లుడు సింహాచలం పెళ్ళైన ఏడాదే దూకేశాడు. ఆ కండువా లేకుండా అతన్ని నేనెప్పుడూ చూడలేదు. చెమట పడితే జేబులోంచి రుమాలు తీస్తాడు గానీ కండువా ముట్టుకోడు! నేనేమో పెళ్ళై, పాప పుట్టి, అది స్కూలుకి వెళ్తున్నా ఇంకా దూకలేదు. ఓ ఏడాది జలుబన్నాను. ఓ ఏడాది చెవిపోటు. ఇంకో ఏడాది ఏమీ తోచక “ఇవాళ అమావాస్య కదండీ” అన్నాను. మా అత్తగారు లోపలికెళ్ళి కేలెండరు చూసొచ్చి, “అమాస ఎప్పుడో ఎల్లిపోనాది బాబూ” అన్నారు.

నాకు ఈత రాదనుకునేరు! చక్కగా వచ్చు. మెట్లు దిగి వెళ్ళమంటే సాయంత్రం దాకా నీళ్ళలోనే ఉంటాను. ఎత్తే పడదు నాకు. పైగా నేను పనిచేసేది ఇన్సూరెన్స్ ఆఫీసులో, యాక్సిడెంట్ క్లెయిముల సెక్షన్లో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరు ఎక్కణ్ణుంచి పడ్డారో చదవడమే నా ఉద్యోగం. స్టూలు మీంచి పడి నడుం విరిగినవాళ్ళ ఫైళ్ళు చూసిన మనిషికి బండ మీంచి దూకాలంటే ఎలా ఉంటుందో మీరే చెప్పండి.

అయితే ఈ ఏడు సెలవులకి బయల్దేరే ముందు మా పాప అడిగింది. “నాన్నా, పెదనాన్నకి కండువా ఉంది కదా, నీకెందుకు లేదు?” అని. అబద్ధం ఎందుకు, మనసు చివుక్కుమంది. అప్పుడే తేల్చుకున్నాను, ఈసారి దూకుతాను. కానీ గుడ్డిగా కాదు. ఎంత ఎత్తో కొలిచి, చూసుకుని, శాస్త్రీయంగా దూకుతాను!

తాడుకి రాయి కట్టి వేలాడదీస్తే సరిపోతుంది కదా అంటారు. నాకూ తెలుసండీ. కానీ పట్నం అల్లుడు నూతి గట్టు మీద తాడు పట్టుకుని నిలబడితే, “బిందె పడిపోనాదేటి బాబూ” అంటూ పొలాల్లోంచి అందరూ వచ్చేస్తారు. పరువు ముఖ్యం. అందుకని లేజర్ రేంజ్‌ఫైండర్ కొందామనుకున్నాను. బటన్ నొక్కితే ఎదురుగా ఉన్నది ఎంత దూరమో చెప్పేస్తుంది, అంతే.

అంతే అనుకున్నాను గానీ, ఫోన్లో వెతికితే ఎన్ని రకాలో! ఇళ్ళు కట్టే మేస్త్రీలు వాడేది ఒకటి. జేబులో పడుతుంది, గోడ నుంచి గోడకి కొలుస్తుంది. గోల్ఫ్ ఆడేవాళ్ళది ఇంకోటి. ఒక కన్ను మూసి దుర్భిణిలోంచి చూసినట్టు చూడాలి. దానికి మైదానం అవతల ఉన్నది కనిపిస్తుందిట గానీ, మరీ దగ్గరున్నది ఆనదట. మా అత్తారి నుయ్యి ఆనకపోతే? క్యాన్సిల్! సరే మేస్త్రీల రకమే. అందులో ఎర్ర లేజరా, పచ్చ లేజరా? పచ్చదైతే ఎండలో కూడా కాస్త కనిపిస్తుందని ఒక రివ్యూ. బ్యాటరీ తాగేస్తుందని ఇంకో రివ్యూ. ఒకాయన పెరట్లో కొబ్బరిచెట్టు కొలిచానని పొంగిపోయి ఐదు స్టార్లిచ్చాడు. ఇంకొకాయన డబ్బా నలిగి వచ్చిందని ఒకటే ఇచ్చాడు. నేను ఇద్దర్నీ నమ్మాను.

కార్ట్‌లో పెట్టడం, తీసెయ్యడం. మళ్ళీ పెట్టడం. చూసి చూసి సుజాతకి ఒళ్ళు మండింది.

“పెళ్ళిసూపుల్లో నన్ను ఒక్కపాలి సూసి ఊఁ అనీసినారు. దీన్నేటి, తిరగేసి మరగేసి సూస్తన్నారు?”

“నీకు మీ నాన్న గ్యారంటీ ఇచ్చారు కదే!” అన్నాను.

ఆ పూట నాకు కాఫీ రాలేదు.

ఆఖరికి పచ్చ లేజరుదే తెప్పించాను. డబ్బా నలగలేదు. ఆ రోజు మా ఇంట్లో నేను కొలవని వస్తువు లేదు. హాలు, సీలింగు, బీరువా, సోఫాలోంచి ఫ్రిజ్ దాకా, అన్నీ కొలిచాను. టేపు పెట్టి సరిచూస్తే వెంట్రుకవాసి తేడా లేదు! నీళ్ళని మాత్రం కొలిచి చూడలేదు. నీళ్ళయితే ఏం, గోడయితే ఏం అనుకున్నాను.

అత్తారింటికి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే అందరం నూతి దగ్గరికి చేరాం. నేను దూకుతానన్న కబురు ముందే పాకింది. సింహాచలం కండువాతో సహా హాజరు. సుజాత తమ్ముడు రాంబాబు, అంటే నా బావమరిది, లుంగీ ఎగ్గట్టి రెడీగా ఉన్నాడు. ఆ పొలం చూసుకునేది వాడే. నడక వచ్చిన దగ్గర్నుంచి ఆ నూతిలో దూకుతూనే ఉన్నాడు. నేను సంచీలోంచి మిషన్ తియ్యగానే దగ్గరికొచ్చి వంగి చూశాడు.

“ఇదేటి బావా, టీవీ రిమోటేటి?”

“లేజర్ రేంజ్‌ఫైండర్.”

“గెంతడానికొచ్చినావా, సర్వే సెయ్యడానికొచ్చినావా?”

అందరూ నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. బండ చివర గొంతుక్కూర్చుని, చెయ్యి చాచి, మిషన్ని తిన్నగా నీళ్ళ వైపు పట్టి బటన్ నొక్కాను. కుయ్ మంది. అంకె చూసి నా కళ్ళు నేనే నమ్మలేదు. ఇంకోసారి నొక్కాను. అదే అంకె. మళ్ళీ నొక్కాను. అదే!

లేచి నిలబడి అందరికీ వినిపించేలా చదివాను. “పదకొండు మీటర్లు! అంటే ముప్పై ఆరు అడుగులు! అంటే మూడంతస్తుల మేడ!”

నవ్వులు ఆగిపోయాయి. బండ మీద ఒక కాలు పెట్టిన రాంబాబు ఆ కాలు మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు.

“ముప్పై ఆరేటి బావా? సరిగ్గా సూడు.”

“నువ్వే చూడు.”

చూశాడు. గట్టు మీద చతికిలబడ్డాడు. “ఓలమ్మా! నాను ఎనక్కి తిరిగి కూడా గెంతీసినాను ఇందులో!”

సింహాచలం మొహం పాలిపోయింది. “మూడంతస్తులా తమ్ముడూ? ఆ రోజు నాకెవుడూ సెప్పలేదేటి?” అంటూ కండువా తీసి మొహం తుడుచుకున్నాడు. కండువాతో, అర్థమైందా!

దాచుకోవడం ఎందుకు, ఆ నిమిషం నాకు పట్టలేనంత సంతోషం వేసింది. ఇన్నేళ్ళ నా పిరికితనం ఒక్క బటన్‌తో ముందుచూపైపోయింది! ఊరుకుంటానా, మా ఆఫీసు క్లెయిముల గురించి లెక్చరు మొదలెట్టాను. మొదటి అంతస్తు మీంచి పడితే ఏ ఎముక విరుగుతుంది, రెండో అంతస్తయితే ఏవేవి విరుగుతాయి, అన్నీ వివరించాను. రాంబాబు శ్రద్ధగా వింటూ మోకాళ్ళు నిమురుకున్నాడు. నూతి మీద ఇనప మెష్ వేయిస్తే ఎంతవుతుందని అడిగాడు. ఈ గెంతుడు ఆచారం ఈ ఏటితో మానేద్దుమని సింహాచలం తీర్మానం చేశాడు.

అప్పుడొచ్చారు మా అత్తగారు, సంగతేమిటని. విని నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

“ఏటి బాబూ మీరు సేసిన పని? నిన్నటిదాకా గెంతినోల్లు ఈవేల కూలబడిపోనారు! ఈ ఇంటి పాత అల్లుల్లందరూ మేడ మీంచి గెంతినారేటి?”

“మిషన్ అలాగే చెప్తోందండీ” అన్నాను వినయంగా.

“ఏదీ, నా ముందల ఇంకోపాలి కొలవండి.”

మళ్ళీ బండ చివర గొంతుక్కూర్చున్నాను. అత్తగారి ముందు ప్రదర్శన కదా, స్టైలుగా రెండు వేళ్ళతో పట్టుకున్నాను. అరచేతులు చెమట్లు. బటన్ నొక్కానో లేదో మిషన్ వేళ్ళలోంచి జారింది.

ఎన్ని రివ్యూలు చదివానండీ! ఎన్నిసార్లు కార్ట్‌లో పెట్టి తీశాను! రిటర్న్ గడువు కూడా ఇంకా అయిపోలేదు! “నా మిషన్!” అని అరిచాను. అంతే, బండ మీద నేను లేను.

గాల్లో ఉండగా గుర్తొచ్చింది, మూడంతస్తులని. పోన్లే, దేవుణ్ణి తల్చుకోడానికి టైముంటుంది అనుకుని ‘గోవిందా’ అనబోయాను. ‘గోవి’ దగ్గరే నీళ్ళు తగిలాయి. నోటినిండా వెళ్ళాయి కూడా.

నీళ్ళలో కళ్ళు తెరిస్తే మిషన్ మునిగిన మెట్ల మీద పడి ఉంది. ఇంకా వెలుగుతూనే ఉంది. దాని పచ్చ వెలుగు నీళ్ళని బొత్తిగా లెక్కచెయ్యకుండా తిన్నగా నూతి అడుగుదాకా పోయి అక్కడ రాతి మీద చుక్కలా మెరుస్తోంది. అప్పుడు వెలిగింది నాకు. అది కొలిచింది నీటిమట్టం దాకా కాదు! నీళ్ళు మరీ తేటగా ఉండేసరికి వాటిలోంచి దూరి అడుగు దాకా కొలిచేసింది. నూతి లోతంతా తెచ్చి ఎత్తులో కలిపేసింది. అసలు దూకాల్సిన ఎత్తు అందులో సగం కూడా లేదు!

మిషన్ పట్టుకుని పైకి తేలాను. అప్పటికే దాని దీపం రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. “మూడంతస్తులు కాదర్రా! నీళ్ళు కూడా కలిపి కొలిచేసింది!” అని అరిచాను.

“ఓర్నీ బావా! మా పేనాలు తీసీసినావు కదరా!” అంటూ రాంబాబు ఒక్క గెంతు గెంతాడు. బావని ‘రా’ అన్నాడని నేనేం పట్టించుకోలేదు. వాడి వెనకాల సింహాచలం, కండువా గట్టు మీద జాగ్రత్తగా మడత పెట్టి మరీ దూకాడు. నుయ్యంతా కేకలు, నవ్వులు. నాకు ఎంత హాయిగా ఉందో! ఇన్నేళ్ళూ ఇంత చిన్న ఎత్తుకా నేను జలుబులు తెచ్చుకున్నది అనిపించింది.

మెట్లెక్కి పైకొచ్చేసరికి మా అత్తగారు కొత్త కండువా మడత విప్పుతున్నారు. పొందూరుది, తెల్లగా, మెత్తగా ఉంది. నేను భుజం వంచాను.

“అత్తా, ఆగు!” నీళ్ళలోంచి సింహాచలం. “తమ్ముడు గెంతినాడా, జారిపోనాడా? అది తేల్సాల ముందు.”

“గెంతలేదమ్మా, మిషన్ ఎనకాతల ఎల్లినాడు” అన్నాడు రాంబాబు. వీడు నా బావమరిది!

“దూకానండీ! నా కాళ్ళు నేనే ఎత్తాను!” అన్నాను. నీళ్ళు కారుతూ, పళ్ళు టకటకలాడుతూ. సుజాత వైపు చూశాను. ఆవిడ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

మా బంగారుతల్లి ముందుకొచ్చింది. “మా నాన్న నిజంగానే దూకేడు అమ్మమ్మా! నేను సూసేను!” అంది గర్వంగా. నా కళ్ళు చెమర్చాయి. “నా మిషన్, నా మిషన్ అని అరుసుకుంటూ దూకేడు!”

కేసు అయిపోయింది.

మా అత్తగారు నా చేతిలోంచి మిషన్ తీసుకున్నారు. నీళ్ళు దులిపి, కొత్త కండువాని శ్రద్ధగా దాని చుట్టూ చుట్టారు.

“మొదట గెంతింది ఇది. బయం లేదు, బేరం లేదు, ఎంతెత్తో కొలుసుకోనేదు. ఈ ఏడు మర్యాద దీనిది. మీది పై ఏడు సూద్దుం బాబూ. రండి, కోడి సల్లారిపోతాది.”

ఇప్పుడది మా హాల్లో షోకేసులో ఉంది, కండువా కప్పుకుని. పని చెయ్యదు. ఇంటికి ఎవరొచ్చినా మా ఆవిడ దాన్నే చూపించి, “మా పుట్టింటి రెండో అల్లుడు” అని పరిచయం చేస్తోంది. పక్కన టీ ట్రేతో నిలబడ్డది ఎవరని అడిగితే మాత్రం, “దాన్ని సెలెక్ట్ చేసింది ఈయనే” అంటోంది.