దించని వేలు

కృష్ణపట్నం దగ్గర మా సంఘంలో అబిగయీలక్క కీబోర్డు వాయిస్తుంది. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసినంతసేపూ ఒకే కార్డు, అంటే కలిపి నొక్కే నాలుగు స్వరాలు, పట్టుకుంటుంది. జి సెవెంత్ సస్ ఫోర్ అంటారు దాన్ని. మామూలు జి సెవెంత్‌లో బి అనే స్వరం మీద ఉండాల్సిన చూపుడువేలు, ఇందులో దాని పైస్వరం సి మీద ఆగిపోతుంది. వింటుంటే ఎవరో గడపలో నిలబడి లోపలికి రానట్టు ఉంటుంది. ఆమెన్ దగ్గర వేలు బి మీదకు దిగితేనే ప్రాణానికి నెమ్మది. ఈ విద్య నేర్పింది వాళ్లమ్మ పుష్పకుమారి. మాకు పాటలు నేర్పిందీ ఆమే.

పోయే మనిషి పక్కన కూర్చుని పాటలు పాడడం మావాళ్ల ఆచారం. అక్క బ్యాటరీల కీబోర్డు భుజాన వేసుకుని వచ్చేది. హెబ్రోను తాత ఆమె వేలు దిగిన క్షణంలోనే పోయాడు. తర్వాత ఫ్లోరా పెద్దమ్మ కూడా అంతే. పండు ముసలివాళ్లు పోక ఏం చేస్తారని నేను కొట్టిపారేశాను. ఊరు ఊరుకుంటుందా? మంచాన పడ్డవాళ్ల ఇళ్ల నుంచి "వచ్చి వేలు దించిపోమ్మా" అని కబుర్లు మొదలయ్యాయి. అక్క ఎవరింటికీ వెళ్లడం మానేసింది.

పోయిన వేసవిలో పుష్పకుమారే మంచం పట్టింది. ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు డాక్టర్లు. కూతురు వాయిస్తే వినాలని ఆమె పట్టుబట్టింది. మధ్యాహ్నం అందరం చేరాం. పాట అయింది, ప్రార్థన అయింది, ఆమెన్ అన్నాం. వేలు దిగలేదు.

"దించక్కా," అన్నాను.

"దించను. దించితే మాయమ్మ పోతాది."

కీబోర్డులో పెట్టింది ఆర్గన్ శబ్దం కదా, వేలు తీసేదాకా మోగుతూనే ఉంటుంది. అక్క ఎడమచేత్తో కుడి మణికట్టును పట్టుకుంది. ఇవేవీ నమ్మని నేను కూడా ఆ వేలు జారకూడదని దేవుణ్ణి వేడుకున్నాను.

పుష్పకుమారి కళ్లు తెరిచింది. "ఎంతసేపు పట్టుకోనుంటావు పాపా? చెయ్యి నొప్పెడతాది."

"పెట్టనీమా."

తల్లి పెదవులు మూసుకునే సన్నగా రాగం తీసింది. మొదట సి అందుకుంది. తర్వాత నింపాదిగా, మాకు నేర్పినట్టే, తనే బి మీదకు దిగింది. కీబోర్డులో సి, ఆమె గొంతులో బి ఒరుసుకున్నాయి. గొంతు ఆగాక చూస్తే ఊపిరి లేదు. అక్క వేలు ఇంకా సి మీదే ఉంది.

ఇప్పుడు ప్రార్థనలో ఆ కార్డు మోగితే, వేలు దిగకముందే బి వినిపిస్తోంది. నాకొక్కదానికే అనుకున్నాను. మొన్న ఆదివారం ఆమెన్ దగ్గర అక్క చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. కీబోర్డు ఆగింది. బి వినిపిస్తూనే ఉంది. అక్క కళ్లు మూసుకుని "అమ్మా" అంది.