పడవవాడి అంగీ

ఇప్పుడు జనగామలో నాలుగు పిడికిళ్ళ వరిగడ్డి సంపాదించడం గగనమైపోయింది. మొన్న మామిడికాయలు మాగబెడదామని సగం ఊరు తిరిగాను. కోత మిషన్లు వచ్చాక గడ్డి పొట్టులా నలిగి పడుతోంది; నిలువుగడ్డి ఉన్నవాళ్ళు అది బర్రెలకే చాలదంటున్నారు. చివరికి పాత దినపత్రికల్లో చుట్టిపెట్టాను. సగం కాయలు పండాయి, సగం కుళ్ళాయి. పత్రికల మీద నాకు అంతకన్నా నమ్మకం ముందునుంచీ లేదు.

ఉద్యమం రోజుల్లో గడ్డికి ఈ కరువు లేదు. నేనప్పుడు మహబూబాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఇంకా విడివిడి జిల్లాలు కాలేదు. అన్నీ వరంగల్ కిందే ఉండేవి. కాలేజీ బంద్ లేని రోజు నడిచేది, ధర్నా ఉంటే ఆ రోజూ నడిచేది కాదు. సాయంత్రం చౌరస్తాలో దిష్టిబొమ్మ తగలబెట్టడం ఒక్కటే ట్యూషన్‌లాగా క్రమం తప్పకుండా జరిగేది. ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఎవరో ఒకరు రోజూ ఏదో ఒక మాట అనేవారు. వాళ్ళూ క్రమం తప్పలేదు.

మా హాస్టల్లో బొమ్మలు తయారుచేసే బాధ్యత బీకాం చివరి ఏడు చదివే ఒక సీనియర్‌ది. అందరం ఆయన్ను బొమ్మలన్న అనేవాళ్ళం. చిరిగిన చొక్కా, మాసిన ప్యాంటు, ఎవరు ఏది వదిలించుకోవాలన్నా మెట్ల కింద మూలలో పెట్టేవాళ్ళు. ఆయన రెండు వెదురు కర్రలు అడ్డంగా నిలువుగా కట్టి, బట్ట తొడిగి, గడ్డి కూరి, ఆ రోజు ఎవరి వంతైతే వాళ్ళ ఫోటో ముఖానికి అంటించేవాడు. ఆ మూలలో ఉన్నది ఆ సాయంత్రానికే అని ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన అవసరం కూడా రాలేదు.

నా గదిలో ఉండేవాడు నర్సింహులపేట దగ్గర ఒక తండా నుంచి వచ్చినవాడు. నలుగురిలో మాట్లాడటానికి మొహమాటపడే మనిషి. జపాన్ బొమ్మల సీరియళ్ళ గురించి మాత్రం ఆపకుండా మాట్లాడేవాడు. వాటిని ఎవరైనా కార్టూన్లంటే నొచ్చుకునేవాడు; అనిమే అనాలి. నెట్ సెంటర్లో మెమరీ కార్డు నింపుకొచ్చి, చేతివేళ్ళంత తెర మీద చూసేవాడు. చూసినవాళ్ళం కాలేజీ మొత్తం మీద ఇద్దరమే. అభిమాన సంఘానికి అతను అధ్యక్షుడు, నేను సభ్యుణ్ణి. కోరం ఏనాడూ తగ్గలేదు.

అందులో ఒక కథ అతనికి ప్రాణం. చచ్చిపోయినవాళ్ళను నది దాటించే ఒక పడవవాడు. నల్లటి పొడుగు అంగీ, తెల్లటి ముసుగు. ఎన్ని భాగాలు చూసినా ముసుగు తీయడు, ఎవరినీ తొందరపెట్టడు. ఎక్కనని మొండికేసినవాళ్ళ పక్కన ఒడ్డున కూర్చుంటాడు, అంతే.

సంఘంలో మూడో సభ్యురాలు తండాలో ఉండేది. అతని అక్క. చిన్నప్పుడే గుండె కవాటం చెడింది. పది అడుగులు నడిస్తే ఆయాసం. వరంగల్ పెద్ద దవాఖానలో ఆపరేషన్ అన్నారు, తర్వాత ఆలస్యమైందన్నారు. పెండ్లి మాట ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఆమెకు చదువు రాదు, జపనీసూ ఇంగ్లీషూ ఎలాగూ రావు. తమ్ముడు తమ లంబాడీ భాషలో పక్కన చెబుతుంటే చూసేది. నేను సెలవుల్లో వాళ్ళింటికి వెళితే అదే కథ నాకు తెలుగులో, తన సవరణలతో చెప్పేది.

"గీ పడవాయనకు జీతం ఎవరిస్తరు తమ్మీ?" అని ఒకసారి అడిగింది.

జీతం లేదక్కా, అది ఆయన పని, అన్నాను.

"గట్లనా. మా ఉపాధి పని లెక్కనే అన్నట్టు" అని నవ్వబోయి దగ్గింది.

ఆ ఏడాది హైదరాబాద్‌లో అనిమే అభిమానుల మేళా ఒకటి పెడుతున్నారని అతనికి నెట్ సెంటర్లో తెలిసింది. దేశంలో ఎక్కడెక్కడివాళ్ళో ఇష్టమైన పాత్రల వేషాలు కట్టుకొని వస్తారట. పరీక్షలవగానే అతను భూపాలపల్లి వెళ్ళాలి. అక్కడ బొగ్గు గనుల్లో మేనమామ కాంట్రాక్టు కింద పని మాట్లాడి ఉంచాడు. ఇక ఆదివారాలు తన చేతిలో ఉండవని అతనికి తెలుసు. వెళితే ఈసారే వెళ్ళాలి, వెళితే పడవవాడిలాగే వెళ్ళాలి.

అంగీ అక్క కుడతానంది. నల్ల గుడ్డ మహబూబాబాద్ నుంచి తెచ్చిచ్చాడు. ఆమె మంచం మీద కూర్చునే కుట్టింది. కొంచెం కుట్టి పడుకునేది, లేచి మళ్ళీ కుట్టేది. అంచు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. పడవవాడు ఎప్పుడూ నీళ్ళలో దిగి నిలబడతాడు కదా, అంచు మీద నీళ్ళు మెరవాలి. వాళ్ళలో ఆడపిల్ల పుట్టినప్పటినుంచే తల్లి ఆమె పెండ్లి బట్టలకు అద్దాలు కుట్టడం మొదలుపెడుతుంది. ఈమెవీ పెట్టెలో ఉన్నాయి, సగం కుట్టి వదిలేసినవి. ఆ అద్దాలు ఒక్కొక్కటే విప్పి అంగీ అంచుకు కుట్టడం మొదలుపెట్టింది. తల్లి చూసి గట్టిగా అరిచింది, తర్వాత ఏడ్చింది. అక్క దారం పంటితో తెంపి, నాకూ అర్థం కావాలనో ఏమో తెలుగులోనే అంది: "పెట్టెల ఉండి ఏం జేస్తయే? ఎలుకలకు పెండ్లా?"

అంగీ ఇచ్చేటప్పుడు ఆమె కోరింది ఒక్కటే. "నేనైతే రాలేను. గంత మందిల గిది ఎట్ల కనవడ్తదో ఫోటో తీస్కరా. ఒక్కసారి చూస్త." ఇంకో మాట కూడా చెప్పింది: మడత పెడితే అద్దాలు రాలతాయి, చేతుల్లో గడ్డి కూరి కర్రకు తగిలించి ఉంచు.

అతను చెప్పింది చెప్పినట్టు చేశాడు. అట్టతో ముసుగు చేసి సున్నం పూశాడు. గదిలో మేం పడుకున్నాక మిగిలే చోటు సరిపోలేదు. రెండు కర్రలు అడ్డంగా కట్టి, అంగీ తొడిగి, చేతుల నిండా గడ్డి కూరి, పైన ముసుగు పెట్టి, ఎండా వానా తగలని చోటు చూసి మెట్ల కింద నిలబెట్టాడు. అప్పటిదాకా తండా నుంచే కాలేజీకి వచ్చిపోయేవాడు, హాస్టల్లో చేరి నెల కూడా కాలేదు. ఆ మూల సంగతి అతనికి తెలియదు. నేను జనగామలో ఇంటి దగ్గరున్నాను. తిరిగొచ్చిన సాయంత్రం నేరుగా స్టేషన్ నుంచి ఊరేగింపులోనే కలిశాను.

ఆ రోజు ఎవరి వంతో నాకు గుర్తులేదు. బొమ్మ ముఖానికి ఫోటో ఉంది, మెడలో చెప్పుల దండ ఉంది, చుట్టూ జనం. మేమిద్దరం వెనకాల ఉండి నినాదాలిస్తున్నాం. అతనికి ఊరేగింపులో మాత్రం మొహమాటం ఉండేది కాదు. చౌరస్తాలో మామూలుగా పోలీసులు బొమ్మను లాక్కోవడానికి వచ్చారు, మావాళ్ళు మామూలుగా ఇవ్వలేదు. ఒక లావుపాటి కానిస్టేబులు బొమ్మ కర్ర పట్టుకొని చాలాసేపు లాగాడు. ఆ సాయంత్రం అంగీ పక్షాన పోరాడింది ఆయనొక్కడే.

కిరోసిన్ పోసి అగ్గిపుల్ల గీశారు. మంట లేచిన వెలుగులో కింది అంచంతా ఒక్కసారి మెరిసింది.

నా పక్కన నినాదం సగంలో ఆగిపోయింది. అతను జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళాడు. ఉత్సాహం ఎక్కువైందనుకొని ఇద్దరు ముగ్గురు భుజం తట్టారు. ఆపేవాళ్ళు ఎవరూ లేరు గానీ, కాపాడటానికి మిగిలింది కూడా ఏమీ లేదు. గుడ్డ మంచిది, త్వరగా అంటుకుంది.

జనం వెళ్ళిపోయాక అతను రోడ్డు మీద గొంతుక్కూర్చొని బూడిదలోంచి అద్దాలు ఏరడం మొదలుపెట్టాడు. నేనూ కూర్చున్నాను. కొన్ని పగిలాయి, కొన్ని తారుకు అంటుకుపోయాయి. ఏం పోయిందని దారినపోయేవాళ్ళు అడిగారు. ఒక పెద్దాయన ఉంగరమా అని తానే అనుకొని, బంగారం ఎక్కడికీ పోదు, పొద్దున వెతకమన్నాడు. బొమ్మలన్న తిరిగొచ్చి మా ఎదురుగా నిలబడ్డాడు. విషయం నేనే చెప్పాను.

"రోజూ గా మూలకే పెడ్తరు గదరా" అన్నాడు. "గడ్డి గూడ నింపి ఉండె. ఎవడో నా పని జేసిపెట్టిండు, మంచోడు, అనుకున్న."

తర్వాత ఆయనా కూర్చొని ఏరాడు. ఆ వారం బొమ్మలు ఇంకెవరో కట్టారు.

మేళాకు వెళ్ళొద్దనే అతను అన్నాడు. అక్క ఫోన్ చేసి, రైళ్ళు నడుస్తున్నాయా, బట్ట నలగకుండా ఎట్లా పట్టుకపోతావని అడిగింది. నడుస్తున్నాయని చెప్పాడు. రెండో ప్రశ్నకు సిగ్నల్ లేదన్నాడు. ఆదివారం పొద్దున్నే బయలుదేరాం.

ఆ హాలు గురించి ఎన్ని చెప్పినా తక్కువే. నీలం జుట్టువాళ్ళు, రెక్కలవాళ్ళు, మనిషి ఎత్తు అట్టకత్తులు మోసేవాళ్ళు. బయట రాష్ట్రమంతా మీది ఏ ప్రాంతమని అడుగుతున్న రోజులవి. అక్కడ ఎవరూ అడగలేదు; అందరూ జపానే. ఆ పడవవాడి పేరు ఎత్తితే తెలిసినవాళ్ళు వందలమంది ఉన్న గదిలో నా మిత్రుడు మామూలు చొక్కాతో గోడవారగా నిలబడ్డాడు. ఏ వేషమని ఒకమ్మాయి మర్యాదగానే అడిగింది. చూడటానికొచ్చిన, అన్నాడు.

మధ్యాహ్నం ఒక పడవవాడు కనిపించాడు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న అంగీ, గట్టి ప్లాస్టిక్ ముసుగు. లోపల ఇంజనీరింగ్ చదివే హైదరాబాద్ కుర్రవాడు. మావాడు వెళ్ళి అతనితో ఏదో మాట్లాడాడు. ఆ కుర్రవాడు మారుమాట లేకుండా అంగీ విప్పి ఇచ్చాడు, ముసుగు తాళ్ళు తనే కట్టాడు, వేళ్ళు ఎలా పెట్టాలో చూపించాడు. చుట్టూ రెక్కలవాళ్ళూ కత్తులవాళ్ళూ చేరారు. నేను ఫోటో తీశాను. అయిపోయిందని చెప్పినా మావాడు చాలాసేపు ముసుగు తీయలేదు. తీశాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లోపల ఉక్కగా ఉందన్నాడు.

తిరుగు రైల్లో, అక్కకు ఇది చూపిస్తానని చెప్పాడు. చిన్న ఫోన్, మసక ఫోటో, అద్దాలు ఉన్నాయో లేవో తెలియదులే అన్నాడు. ఆ ఫోన్లో మనిషి తెలియడమే గొప్ప కాబట్టి నేనూ తెలియదన్నాను.

రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మహబూబాబాద్ వీధుల్లో రంగులు చల్లుకున్నారు. అప్పటికి అక్క లేదు. మావాడు భూపాలపల్లి నుంచి ఫోన్ చేసి, షిఫ్టు మధ్యలో స్వీట్లు పంచారని మాత్రం చెప్పాడు. ఇప్పుడతను అక్కడే డంపర్ నడుపుతున్నాడు. అనిమే చూస్తావా అని అడిగితే, టైమేది అంటాడు.

మేళా మర్నాడు, ఆ సోమవారం, మేం తండాకు వెళ్ళాం. అక్క గోడకు ఆనుకొని మంచం మీద కూర్చుంది. కాళ్ళు వాచి ఉన్నాయి. ఫోన్ తీసుకొని వెలుతురు వైపు తిప్పుకుంది. రెక్కలవాళ్ళను చూసి నవ్వింది, నీలం జుట్టు పిల్ల బాగుందంది, ఇంతమంది జపాన్ నుంచే వచ్చారా అంది. తల్లిని పిలిచి చూపించింది. తల్లి చూసి, కొంగుతో తెర తుడిచి, మళ్ళీ చూసి వెళ్ళిపోయింది. ఇక అయిపోయిందనుకున్నాం. మావాడు చెయ్యి చాచాడు.

ఆమె ఇవ్వలేదు. ఫోన్ ముఖానికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది. వాళ్ళిద్దరూ ఎప్పుడూ వాళ్ళ భాషలోనే మాట్లాడుకుంటారు. ఆ రోజు తెలుగులో అంది, ఇద్దరికీ కలిపి.

"చేతులు నీయే. కుట్టు నాది గాదు."