అప్పలనరసమ్మ వేయించిన మార్కులు

2022లో నేను విజయనగరంలో నర్సింగ్ విద్యార్థులకు పాఠాలు చెప్పేదాన్ని. ఆ ఏడాది ఒక సర్వే పనిమీద శ్రీకాకుళం వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి వార్డుకు వారం రోజులు వెళ్లాను. అక్కడ పనిచేసేవాళ్లు తమ మాటకు ఎంత బలం ఉందనుకుంటున్నారో తెలుసుకోవడం ఆ సర్వే పని. దాన్ని కొలిచే ప్రశ్నపత్రాన్ని స్కేల్ అంటాం. 'వార్డు నిర్ణయాల్లో నా మాట వింటారు' లాంటి వాక్యాలు ఇరవై ఉంటాయి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కు వెయ్యాలి. ఒకటంటే అసలు ఒప్పుకోను, ఐదంటే పూర్తిగా ఒప్పుకుంటాను.

మొదటి రోజు కాగితాలు అందరికీ ఒకేసారి ఇచ్చాను. అది నా పొరపాటు. హెడ్ నర్సు ముందు నింపింది. ఆ కాగితం బల్లమీద చేతులు మారింది. సాయంత్రానికి అన్ని కాగితాల్లోనూ అవే నాలుగులు, అవే ఐదులు. "పెద్దావిడ ఏసినదానికన్నా తక్కువెలా ఏస్తామండీ?" అంది ఒక స్టాఫ్ నర్సు.

మర్నాటి నుంచి ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి నేనే చదివి అడిగాను. అలా వచ్చింది అప్పలనరసమ్మ. ఆమె ఎఫ్‌ఎన్‌ఓ, అంటే వార్డులో నర్సులకు సాయం చేసే ఉద్యోగి. రిటైర్మెంటుకు ఏడాది ఉంది. ప్రతి వాక్యానికీ "ఒకటి" అంది.

"ఆలోచించి చెప్పండి, నరసమ్మ గారూ."

"ఏటాలోసించాలి? ఒకటి కన్నా తక్కువ నేదా మేడమ్ గోరూ?"

"లేదు. కానీ నిన్న మీరు కేకేస్తే డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది కదా?"

"రగతం పోతందంటే వస్తాది. అది రగతం పవరు. నాది కాదు."

అంతలో లేబర్ రూమ్ నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. నేనూ వెనకాలే వెళ్లాను. శ్రీకూర్మం నుంచి వచ్చిన అమ్మాయి నొప్పులతో నిలబడి ఉంది. పొట్టి మనిషి. కాన్పు బల్ల ఎత్తుగా ఉంది. అప్పలనరసమ్మ బల్ల పక్కన ఒక మోకాలు నేలకు ఆనించి, రెండో తొడ చూపించింది.

"దీనిమీద కాలెయ్యమ్మా. బయపడకు, నాను గట్టిదాన్నే."

అమ్మాయి ఆమె భుజం పట్టుకుని, తొడమీద కాలు మోపి ఎక్కింది. తర్వాత అప్పలనరసమ్మ లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది.

బల్ల ఎక్కడానికి రెండు మెట్ల ఇనుప పీట ఉండాలి. ఫుట్ స్టెప్ అంటారు. అక్కడిది విరిగిపోయింది.

"ఎవరికీ చెప్పలేదా?" అని అడిగాను.

"రెండేళ్లబట్టి సెప్తన్నాను. సూద్దాంలే అంటారు. పోయిన నెల్లో ఒక పిల్ల కాలు జారి నా మీద పడ్డాది. నేలమీద పడుంటే ఏటయ్యేది?"

ఆ మధ్యాహ్నం టీ తాగుతూ హెడ్ నర్సుతో ఈ సంగతి అన్నాను. గట్టిగా అడగలేదు, మాటల్లో మాటగా అన్నానంతే. మరో రెండు రోజులకి కొత్త పీట వచ్చింది. స్టోరులోనే ఉందట.

అప్పలనరసమ్మ దానిమీద ఎక్కింది, దిగింది, కాలితో ఊపి చూసింది. సంతోషపడింది. తర్వాత నా వైపు తిరిగి, "నా కాయితంలో ఒకట్లు అలాగే ఉంచండి. అయిదులు మీకేసుకోండి" అంది. నవ్వుతూనే అంది. నేను వారం రోజులుండి వెళ్లిపోయేదాన్ని. ఆమె ఆ వార్డులో ముప్పై ఏళ్లుగా ఉన్న మనిషి.

పోయిన ఏడాది ఆమె కన్నుమూసింది. కబురు ఆలస్యంగా తెలిసి, అరసవల్లిలో వాళ్లింటికి వెళ్లాను. కోడలు కుర్చీ వేసి, "మా అత్త మీ గురించి సెప్పేదండీ. పీట మేడమ్ అనేది" అంది.

ఆ స్కేల్‌ను వాడే ప్రతిచోటా ఇప్పుడు ఇరవై వాక్యాల కింద ఒక ప్రశ్న కలుపుతున్నాను: మీరు ఎన్నాళ్లుగానో అడుగుతున్నా రానిది ఏమిటి? దానికి మార్కులు లేవు. రెండు ఖాళీ గీతలు ఉంటాయి. ఆ గీతల మీద మాత్రం పక్కవాళ్ల కాగితం చూసి ఎవరూ రాయరు.