అక్క పెళ్లికి నేను వాయించిన బొలేరో

ఆ రోజుల్లో నాకు తెలియనిది ఏదీ లేదు. ఇరవై ఏళ్లకే అంత జ్ఞానం ఎలా వచ్చిందో గానీ, ఆ తర్వాత ముప్ఫై ఏళ్లుగా అది కొంచెం కొంచెంగా కరిగిపోతూ వచ్చింది. వేంపల్లె దగ్గర మా ఊరి చర్చిలో కాళ్లతో తొక్కే హార్మోనియం ఒకటి ఉండేది. హాస్టల్లో వార్డెనమ్మ దగ్గర స్వరలిపి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను కాబట్టి దాని ముందు కూర్చునే హక్కు నాదే. పూర్వం ఎవరో మిషనరీ దొరసాని వదిలిపోయిన స్వరాల పుస్తకం కూడా నా అధీనంలోనే ఉండేది. అందులో నాకు బాగా పట్టుబడిన పాట మీద ‘బొలేరో’ అని రాసి ఉండేది. (ఇప్పుడు మా సీమలో ఆ పేరు చెబితే జీపు గుర్తొస్తుంది.) దొరసాని పుస్తకం కదా, ఎవరో భక్తుడి పేరై ఉంటుందని తేల్చేశాను. రోజూ సాయంత్రం అక్క చర్చి ఊడుస్తుంటే నేను అదే వాయించేవాణ్ణి.

ఆ ఎండాకాలం అక్కకు పెళ్లి కుదిరింది. చిన్నప్పటి జ్వరం వల్ల ఆమె ఎడమ కాలు కాస్త పొట్టి. ఇంట్లో మాకెవరికీ అది కనపడేది కాదు. కానీ పెళ్లికూతురు చర్చి గుమ్మం నుంచి పాస్టరు అయ్యగారు నిలబడే చోటు దాకా, రెండు ఊళ్ల జనం చూస్తుండగా, ఒక్కో అడుగూ వేసుకుంటూ నడవాలి. అక్కకు పెళ్లంటే భయం లేదు, ఆ ఇరవై గజాలంటేనే భయం. “అందరూ నా కాలే చూస్తారు గదమ్మా” అని ఆమె అమ్మ దగ్గర ఏడుస్తుంటే విన్నాను. కనీసం వాయింపైనా ఘనంగా ఉండాలని, పెళ్లినడక స్వరాల కోసం పుస్తకం తెరిచాను. సరిగ్గా ఆ రెండు కాగితాలే లేవు. “చెదలు తినుంటాయిలే. నీకొచ్చే పాటుండాది గదా, అదే వాయించు” అంది అక్క, చేతిలో చీపురుతో. (చెదలకు కూడా సంగీతంలో అభిరుచి ఉంటుందని అప్పుడే తెలిసింది.)

పెళ్లి రోజు వాయించాను. ఆ పాట మూడు దెబ్బల తాళం. మనిషికేమో కాళ్లు రెండు. ముందు నడిచే పూలపిల్లలు ఒకరి గౌను ఒకరు తొక్కారు. అక్క చెయ్యి పట్టుకున్న నాయన ఒక అడుగు వేసి, ఆగి, ఒక గెంతు గెంతి, “ఏందిరా ఈ వాయింపుడు! కాలు యాడ పెట్టల్లో తెలీకుండాది!” అని చర్చంతా వినపడేలా అన్నాడు. ఆపుదామంటే నాకు వేరే పాట రాదు. చెమటలు కారుతుండగా తల తిప్పి చూశాను. అక్క రెండు దెబ్బలకు ఒక పొడుగు అడుగు, మూడో దెబ్బకు ఒక పొట్టి అడుగు, మళ్లీ పొడుగు, మళ్లీ పొట్టి, తాళం తప్పకుండా, తలెత్తుకొని వస్తోంది. నాయన కుంటుతున్నాడు, అక్క నడుస్తోంది. “పెద్దాయనకు కాలు బెణికినాదేమప్పా?” అని వెనక బల్లల వాళ్లు జాలిపడ్డారు. అక్క కాలు ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత ఆ ఉపాయమంతా నాదేనని చెప్పుకుని తిరిగాను. పెళ్లాం పిల్లలకు చెప్పాను, బావకు ఏటా ఒకసారి చెప్పాను.

పోయిన నెల ఫోన్‌లో అసలు బొలేరో కనపడింది. స్పెయిన్ పల్లెజనం చేతుల్లో చిడతల్లాంటివి మోగిస్తూ, పావడాలు తిప్పుతూ ఆడే నాట్యమది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ తాళం మోజు ఐరోపా అంతా పాకి, సరదా నాటకాల్లో పాటైందట, ఇళ్లలో ఆడపిల్లలు పియానో మీద వాయించుకునే తేలిక సంగీతమైందట. దొరసాని పుస్తకంలోకి చేరింది అలాగే అయ్యుంటుంది. పరుగున పోయి అక్కకు చూపించాను. ఆమె కాలు దానంతట అదే తాళం వేసింది.

“చర్చిలో డాన్సు వాయించినావన్నమాట!” అని పగలబడి నవ్వింది.

“ఏదైతేనేం అక్కా, నా ఉపాయం పారింది గదా.”

“నీ ఉపాయమా? నువ్వు వాయిస్తాంటే రోజూ ఆ పాటకే గదరా ఊడ్చినా. నా కాలికి అదొకటే సరిపొయ్యింది. చెదలు యాడివిరా, ఆ కాగితాలు నేనే చించి పొయ్యిలో పెట్టినా. ఆ పొద్దు నువ్వు తిన్న అన్నం వాటితోనే ఉడికింది.”

నవ్వాను. కళ్లు కూడా తడిశాయి. ఇరవై ఏళ్లప్పుడు నాకు తెలియనిది ఏదీ లేదన్నాను కదా, ఒకటి ఉండేదన్నమాట. అది రోజూ నా వెనకే, పొడుగు అడుగు, పొట్టి అడుగు వేస్తూ చర్చి ఊడ్చేది.