తలుపు అవతల డెస్మండ్

మా ఊరు షేక్స్‌పియర్ పేరు మీద బతుకుతోంది. బిస్కెట్ డబ్బా మీద ఆయనే, గిన్నెలు తుడిచే గుడ్డ మీద ఆయనే, స్నానపు తొట్టిలో తేలే రబ్బరు బాతుకి కూడా ఆయన గడ్డమే. ఇంతా చేసి ఆయనంటే నిజంగా పడి చచ్చేవాళ్లు ఊళ్లో ఎవరని అడిగితే నాకు గుర్తొచ్చేది ఒక్కడే. టూరిస్టు బస్సు నడిపే డెస్మండ్ ట్రాంటర్.

డెస్మండ్‌కి నాటకాల పుస్తకాలు పడవు. బడిలో వంతులవారీగా పైకి చదివించి ఆ రుచి చంపేశారనేవాడు. అతన్ని పట్టుకున్నది టీవీ. ఏదో పోలీసు సీరియల్లో దొంగల నాయకుడు చచ్చిపోతూ నాలుగు ముక్కలు మాట్లాడితే ఒళ్లు జలదరించి, ఆ మాటలు ఎవరివని లైబ్రరీకి వెళ్లి అడిగాడట. మన ఊరాయనవే అన్నారు. అప్పట్నుంచీ అదే వేట. కాలేజీ పిల్లల ప్రేమ సినిమాలో, శవాలు లేచి తిరిగే సినిమాలో, ర్యాప్ పాటలో, సబ్బు ప్రకటనలో, ఎక్కడ షేక్స్‌పియర్ జాడ తగిలినా వదిలేవాడు కాదు. భార్య బెవ్ కూడా అంతే. ఆవిడ వంటగదిలో, ఇతను టీవీ ముందు ఉండి "దొరికాడోయ్" అని కేకలేసుకునేవాళ్లు.

బస్సులో ఊరి విశేషాలు చెప్పే రికార్డు ఉంటుంది. డెస్మండ్ దాన్ని ఆపేసి తనే మైకు అందుకునేవాడు. "ఇక్కడ పుట్టాడు, అదిగో ఆ చర్చిలో పడుకున్నాడు, ఇవి ఎవరైనా చెప్తారు. మీరు మొన్న చూసిన సినిమా కథ ఎక్కడిదో నేను చెప్తాను వినండి" అని మొదలుపెడితే, అప్పటిదాకా ఆవలిస్తున్న పిల్లలు ముందు సీట్లకి ఎగబడేవాళ్లు.

బెవ్ పోయాక మా నాటక సంఘంలో చేరాడు. పేరుకి సంఘమే గానీ, మాకున్నది నది ఒడ్డున ఒక చిన్న హాలు. నేను అక్కడ దుస్తులు కుడతాను. డెస్మండ్ సెట్లు కట్టేవాడు, రంగులు వేసేవాడు, రిహార్సల్‌కి వచ్చినవాళ్లందరికీ టీ కాచి పోసేవాడు. ఏటా ఒక చిన్న వేషం అడిగేవాడు. నాటకం నడిపించే హిలరీ ఫెన్విక్, ఒకప్పటి హెడ్‌మిస్ట్రెస్, "వచ్చే ఏడు చూద్దాం డెస్మండ్" అనేది. అతని టీషర్టు మీద నల్లకళ్లద్దాల షేక్స్‌పియర్‌ని చూసి మొహం తిప్పుకునేది.

పోయినేడు షేక్స్‌పియర్‌దే, అందరూ స్కాట్లాండ్ నాటకం అనేది, వేద్దామన్నారు. దాని అసలు పేరు హాల్లో పలకకూడదు, అరిష్టం. నోరు జారితే బయటికి వెళ్లి, మూడుసార్లు గిర్రున తిరిగి, ఉమ్మేసి, తలుపు తట్టి, లోపలికి రావచ్చా అని అడగాలి. అందులో రాజుగారి హత్య జరిగిన వెంటనే ఎవరో కోట తలుపు తడతారు. తాగి తూగుతున్న కాపలావాడు గొణుక్కుంటూ తీయడానికి వస్తాడు. ఉన్నది ఒక్క సీనే. డెస్మండ్‌కి అదే కావాలి. "నువ్వు పుట్టిందే ఆ వేషానికి" అని బెవ్ అనేదట. బస్సు తోలుతూ ఆ భాగమంతా బట్టీపట్టాడు.

వేషాలు తేల్చే రోజు, శనివారం పొద్దున, వాన. డెస్మండ్ లాంతరు పట్టుకుని తూలుతూ వచ్చాడు. ఆ లాంతరు కూడా షేక్స్‌పియర్ బొమ్మ ఉన్న బిస్కెట్ డబ్బాతో అతను చేసిందే. నాకు నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. హిలరీ కూడా నవ్వింది. నేను చూశాను.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?" అంది.

డెస్మండ్ పొంగిపోయాడు. ఆ పొంగులో ఏదో జాంబీ సినిమా సంగతి చెబుతూ నాటకం పేరు పైకి అనేశాడు. అందరూ గోల. తనూ నవ్వుతూ, చేతులు జోడించి, చలికోటూ లాంతరూ కుర్చీ మీదే వదిలేసి బయటికి పరిగెత్తాడు. ఇలాంటి ఆచారాలంటే అతనికి ప్రాణం.

తలుపు మూసుకోగానే హిలరీ గొంతు తగ్గించింది. "ఆ వేషం నైజెల్‌కి ఇస్తున్నాను. ఎదురుగా చెప్పాలంటే ఇబ్బంది, అతను రాకముందే అనుకుందాం."

నైజెల్ పార్జిటర్ మా సంఘానికి అధ్యక్షుడు, లాయరు.

"ఇప్పుడే కదా మీరు కూడా నవ్వారు" అన్నాను.

"నవ్వొస్తే వేషం ఇచ్చేస్తామా మోరీన్? అతనిది టీషర్టు భక్తి. రేపు స్టేజీ మీద జాంబీల గురించి చెప్పడని ఏంటి నమ్మకం?"

నవ్వించే వేషానికి మరింకేం చూస్తారో నాకు అర్థం కాలేదు. ఒళ్లు మండిపోయింది.

అంతలో తలుపు తట్టాడు డెస్మండ్. నేను లేవబోతే నైజెల్ ఆగమని సైగ చేశాడు. లాంతరు తీసుకుని, తూలుతూ, తలుపు దగ్గర నిలబడి కాపలావాడి మాటలు మొదలుపెట్టాడు. తీయలేదు. బయట డెస్మండ్ ఆటే అనుకున్నట్టున్నాడు, మాట మాటకీ సరిగ్గా సమయానికి తడుతున్నాడు. లోపల చప్పట్లు.

"భలే నైజెల్. వేషం నీదేనని ఊరికే అన్నానా?" అంది హిలరీ. ఈసారి గొంతు తగ్గించడం మర్చిపోయింది.

తట్టడం ఆగిపోయింది.

నైజెల్‌ని పక్కకి తోసి నేనే తలుపు తీశాను. డెస్మండ్ నిలువునా తడిసిపోయి ఉన్నాడు. ఇప్పుడు లోపలికి రావచ్చా అని అడగాలి. అడగలేదు. నా భుజం మీదుగా నైజెల్ చేతిలో లాంతరు చూశాడు.

"ఊరికే సరదాకి డెస్, రా లోపలికి" అన్నాడు నైజెల్.

"సరదాగానే ఉందిలే" అన్నాడు డెస్మండ్. తర్వాత నాతో, "నా కోటు అందివ్వు తల్లీ" అన్నాడు.

మళ్లీ హాలు మొహం చూడలేదు. సెట్టు ఎవరెవరో అతుకులేసి నిలబెట్టారు. టికెట్లు అమ్ముడుపోకపోయేసరికి హిలరీ పోస్టర్ల మీద నల్లకళ్లద్దాల షేక్స్‌పియర్‌ని వేయించింది. సిగ్గు లేదు. పైగా నన్ను పిలిచి, "నాటకానికి ముందు డెస్మండ్‌ని వచ్చి ఆ సినిమాల గురించి నాలుగు మాటలు చెప్పమను. నువ్వంటే వింటాడు" అంది.

ఆ మాట చెప్పడానికి కాదు, మనిషిని చూద్దామని బస్సెక్కాను. రికార్డు మోగుతోంది. విహారయాత్రకి వచ్చిన బడిపిల్ల ఒకతి డ్రైవరు సీటు పక్కకి వచ్చి, తనకి నచ్చిన సినిమా పేరు చెప్పి, "ఆ కథ ఈయనదేనంట కదండీ?" అని అడిగింది.

డెస్మండ్ అద్దంలో నన్ను చూశాడు. రికార్డు ఆపలేదు.

"నాకేం తెలుసమ్మా, బస్సు నడుపుకునేవాణ్ణి" అన్నాడు. "వెళ్లి కూర్చో."