అట్లకాడ వాత ఏ చేతి మీద?

నేను మూడో తరగతి వరకే చదివాను. అయినా పొందూరులో మా వీధి ఆడవాళ్ళలో తడుముకోకుండా చదవగలిగింది నేనొక్కదాన్నే. అందుకని వారపత్రిక చదివి వినిపించే పని నా మెడకు పడింది. పోస్టుమాస్టరు గారి భార్య తాను చదివేశాక గురువారం పొద్దున్న మాకు పంపేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంటి అరుగు మీదకి రాట్నాలు చేరేవి. వచ్చినవాళ్ళందరూ దూది ఏకులు నలిగిపోకుండా అరటి డొప్పల్లో పెట్టుకుని తెచ్చుకునేవారు. పుస్తకం పట్టుకున్న చేతులతో నేను నూలు వడకలేను కదా, అందుకని తలో ఏకూ నా వంతుకి వడికి పెట్టేవారు.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆ ఏడు పత్రికలో మొదలైన నవల మాత్రం నా ప్రాణం మీదకి వచ్చింది. అందులో తల్లి పోయిన ఒక పిల్ల. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడు. వచ్చినావిడ ఆ పిల్లకి కడుపునిండా అన్నం పెట్టదు, పశువుల సావిట్లో పడుకోబెడుతుంది, కడవలకొద్దీ నీళ్ళు మోయిస్తుంది. ఒకనాడు ఆ పిల్ల ఉట్టి మీది వెన్న తినేసిందని పెద్ద గొడవ చేస్తుంది.

నేనూ రెండో పెళ్ళాన్నే. మా ఆయన మొదటి భార్య పోయాక ఆ ఇంట్లో అడుగుపెట్టాను. అప్పటికి వాళ్ళ పిల్లకి ఎనిమిదేళ్ళు. నన్ను సిన్నమ్మా అని పిలిచేది. నాకింకా పిల్లలు లేరు. ఆ పిల్లకి జడ వెయ్యడం, చెవి పట్టుకుని స్నానానికి లాక్కెళ్ళడం, పక్కలో వేసుకుని పడుకోవడం, అదే నా సంసారం. మరి సవతి తల్లి కథ సవతి తల్లే చదవాలి, వీధంతా వినాలి. నా పాట్లు మీరే ఊహించుకోండి.

ఆగకుండా చదివితే, "ఎంత సులువుగా సదివేస్తన్నాదో సూడు, అలవాటైన పనే కావాల" అని గొణిగేవారు. కళ్ళు తుడుచుకోవడానికి ఆగితే, "ఏడుపొకటి, ఎవలు నమ్ముతారు?" అనేవారు. మంచినీళ్ళకి లేచినా అనుమానంగానే చూసేవారు.

నాలుగు వారాలు తిరక్కుండా అరుగు రెండుగా చీలిపోయింది. తూర్పు చివర పిల్ల పక్షం. దానికి పెద్ద ఎదురింటి పెద్దమ్మ. పడమటి చివర సవతి తల్లి పక్షం. దానికి పెద్ద మా అత్తగారు. కోడలి మీద ప్రేమ కొద్దీ అటు చేరిందనుకునేరు. ఇంటినిండా పిల్లల్ని పెంచిన మనిషి, అందుకే ఏ పిల్లనీ నమ్మేది కాదు.

"ఆ గుంట ఉట్టి మీద ఎన్న దించుకుని తిన్నాదా, నేదా? సదివింది నువ్వే కదే!" అని నన్ను నిలదీసేది.

"ఆకలేసి తిన్నాదప్పా!" అనేది పెద్దమ్మ.

"ఆకలేస్తే కూడు తింతారు. ఎన్న తింతారేటి?"

"కూడెట్టిందేటి ఆ రాకాసి?"

"ఇంటెడు సాకిరీ ఒక్కతీ సేసుకుంటన్నాది. రెండు కడవలు నీల్లు తెస్తే ఆ గుంట అరిగిపోద్దేటి?"

ఆ కోపమంతా నూలులోకి దిగేది. చేప దవడ పళ్ళతో దువ్వి తీసిన దూదితో మా వాళ్ళు వడికే నూలు కంటికి ఆనదు, అంత సన్నం. గురువారం నాటి నూలు మాత్రం గొడ్డుని కట్టెయ్యొచ్చు, అలా వచ్చేది. నూలు కొనే కొట్టాయన ఒక చిలప నూలు వెలుతురుకి ఎత్తి చూసి మా ఆయన్ని అడిగాడట.

"మీ ఈదిలో గొడవలేటైనా అవుతన్నాయేటి?"

"నవలండి" అన్నాడట మా ఆయన.

ఈ గొడవలో బాగుపడింది మా పిల్ల. కథలో పిల్లకి ఎవరూ పెట్టలేరు కదా, అందుబాటులో ఉన్న పిల్లకి పెట్టడం మొదలుపెట్టారు. ఒకరింట్లో పొంగడాలు, ఒకరింట్లో బెల్లం ముద్ద, పెద్దమ్మ ఇంట్లో అరిసెలు. కథలో పస్తు ఎంత కఠినంగా ఉంటే మా పిల్లకి ఆ వారం అంత విందు. దానికీ కిటుకు తెలిసిపోయింది. గురువారం మధ్యాహ్నం కాగానే నేను వేసిన జడ తనే విప్పేసుకుని, గుమ్మానికి ఆనుకుని, నేలచూపులు చూస్తూ నిలబడేది. రాత్రి కంచం ముందు కూర్చోబెడితే "వద్దు సిన్నమ్మా" అనేది.

ఆ మాట గోడ దాటేది. "ఇంటికాడ ముద్ద మింగదట. ఆ కంచంలో ఏటెడతన్నాదో ఏటో!"

పరికిణీ పట్టక నడుము దగ్గర విప్పి కుట్టాను, అయినా బిగుతే. "సాలని బట్టలు తొడుగుతన్నాది సూడు" అన్నారు.

చివరికి ఒకనాడు అరిసెలు వికటించి పిల్లకి వాంతులు పట్టుకున్నాయి. వాము నీళ్ళు పట్టి, ఆ రోజంతా లంఖణం ఉంచాను. ఆ వారమే కథలో ఆవిడ అట్లకాడ కాల్చి పిల్ల చేతి మీద వాత పెట్టింది. ఈ రెండూ కలిసి రైలెక్కాయి. గరివిడి దగ్గర పల్లెలో ఉంటుంది పిల్ల అమ్మమ్మ, కన్నతల్లిని కన్న తల్లి. ఆవిడ చెవిన పడేసరికి మా ఇంటి లంఖణమూ కథలో వాతా ఒకటే కబురైపోయాయి.

మళ్ళీ గురువారం నేను పుస్తకం పట్టుకునే వేళకి ఆవిడ నెత్తి మీద ట్రంకుపెట్టెతో వచ్చింది. దించితే పెట్టె డొల్లగా మోగింది. పిల్ల బట్టలు సర్దుకుపోవడానికే తెచ్చిందని తెలిసిపోయింది. ఆవిడ తీసుకుపోతానంటే కాదనడానికి నేనెవర్ని?

"ఇలా రాయే" అని పిల్లని లాక్కుని కుడి చెయ్యి తిప్పి చూసింది. ఎడమ చెయ్యి చూసింది. అరికాళ్ళు కూడా చూసింది.

"వాతేదే?"

"ఏ వాత?"

"మీ సిన్నమ్మ అట్లకాడతో కాల్సినాదంట కదే!"

"అది కతలో గుంటకి అమ్మమ్మా."

"ఏ గుంట? ఎవలింట్ల?"

ఎదురింటి పెద్దమ్మ రాట్నం వదిలేసి, "ఆ గోరం ఏటని సెప్పీదప్పా" అని ముక్కు చీదింది. "ముందు ఎన్న సంగతి సెప్పు" అంది మా అత్త. అమ్మమ్మ ఇద్దరినీ చేత్తో ఆపి, ట్రంకుపెట్టె మీద కూర్చుంది.

"మొదల్నుంచి సెప్పు. ఇని తేలుస్తాను. తేల్సి గుంటని తీసుకెల్తాను" అంది నాతో.

పాత పత్రికలు పోస్టుమాస్టరు గారింటికి తిరిగి వెళ్ళిపోయాయి. కానీ నేను ఒకసారి చదివింది మరిచిపోను. పస్తులూ, పశువుల సావిడీ, వెన్నా, వాతా, అన్నీ వరసగా చెప్పాను. నా మీద ఫిర్యాదు నేనే చెప్పుకుంటున్నట్టుంది. పొద్దు వాలింది. అమ్మమ్మ రెప్ప వెయ్యలేదు. అంతా విని ఒకటే అడిగింది.

"గుంటకి అయ్య ఉన్నాడన్నావు. వాతెడతంటే ఆడెక్కడున్నాడు?"

గుర్తు తెచ్చుకున్నాను. "వరండాలో. పేపరు సదువుకుంటన్నాడు."

"ఎన్న గొడవప్పుడు?"

"అప్పుడూ పేపరే."

"సావిట్లో తొంగోబెట్టినప్పుడు?"

"కోర్టు పనుండి ఊరెల్లినాడు."

"వాత ఆడికెట్టాల" అని తేల్చేసింది అమ్మమ్మ.

రాట్నాలు ఆగిపోయాయి. అన్నాళ్ళూ ఆ మనిషి సంగతి ఏ పక్షానికీ తట్టలేదు. సరిగ్గా అప్పుడే మా ఆయన మగ్గం పని ముగించుకుని, చంకలో ఎవరిదో పేపరు పెట్టుకుని వచ్చాడు. తూర్పూ పడమరా ఒక్కటై ఆయన వైపు తిరిగాయి.

"ఏటి?" అన్నాడు.

 పేపరు వెనక్కి దాచుకుని పెరటిదారిన ఇంట్లోకి పోయాడు.

కథలో ఆవిడ బయటపడింది గానీ నేను పడలేదు. అమ్మమ్మ లేచి పెట్టె మూత తీసి, "బట్టలు తే. రైలేల అవుతాది" అంది పిల్లతో.

పిల్ల ఖాళీ పెట్టెలోకి తొంగి చూసింది.

"అమ్మమ్మా, మీ ఊర్ల అందరికీ ఈ కత తెలుసా?"

"మా ఊర్ల సదివీవోలెవలున్నారే? ఎవలికీ తెల్దు."

"అయితే నాను రాను."

అరుగంతా బావురుమంది. "సిన్నమ్మ సదివితే గాని ఇనదట, ఓలమ్మా, ఎంత పేణమో!" అని పెద్దమ్మ నన్ను వాటేసుకుంది. మా అత్త కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేనొక్కదాన్నే ఏడవలేదు. కథ తెలియని ఊళ్ళో అరిసెలు పెట్టేవాళ్ళు ఉండరని దాని బెంగ. అమ్మమ్మకీ ఏదో తట్టినట్టుంది. పిల్ల పరికిణీ దగ్గరికి లాగి, నేను విప్పి కుట్టిన చోటు వేలితో తడిమింది. బుగ్గ ఒకటి గిల్లి చూసింది. తరవాత వీధి వైపు తిరిగింది.

"ఇకన ఈ గుంటకి బయటోలు బెల్లంముక్క ఎట్టినారని ఇన్నానా, వాత ఆల్లకే. నెల పోయాక వస్తాను. అప్పుడూ రానంటే ఇక్కడే ఉండనీ."

ఖాళీ పెట్టెతో పంపకూడదని మా అత్త అందులో ఒక గుమ్మడికాయ పెట్టింది.

అరిసెలు ఆగిపోయాయి. ఇప్పుడిక అమ్మమ్మ దగ్గరికి పోతానంటుందని గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. మొదటి గురువారం జడ విప్పుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఎవరూ పిలవలేదు. మరుసటి వారం కూడా అంతే. ఆ పై వారం జడ విప్పలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, నేను చదువుతున్న వరస మీద వేలు పెట్టి వెంట వచ్చింది. ఆ రాత్రి రెండోసారి అన్నం పెట్టించుకుని, చారులో ఉప్పు చాలలేదని నాకు వంక పెట్టింది. పోతానని మాత్రం అనలేదు. అననిది నేను అడగలేదు.

అమ్మమ్మ చెప్పినట్టే వచ్చింది. ఆ గురువారం నా గొంతు బొంగురుపోయి, పుస్తకం పిల్ల చేతికిచ్చాను. కూడబలుక్కుంటూ చదువుతోంది. సవతి తల్లి మాట వచ్చేసరికి మాత్రం తడబాటు లేకుండా, అచ్చం నా గొంతుతో అందుకుంది.

"ఒసే గుంటా, నెత్తి ఇరబోసుకుని ఏటే ఆ తిరుగుడు? ఇలా రా, దువ్వుతాను."

"అలాగని కతలో ఉన్నాదేటే?" అంది పెద్దమ్మ.

"ఉన్నాది" అంది పిల్ల తల ఎత్తకుండా.

అమ్మమ్మ పెట్టె దించింది. ఈసారి అది మోగలేదు. "ఆ రాకాసి నెత్తి కూడా దువ్వుతాదేటి?" అని అడిగింది.

"దువ్వుతాది. సిక్కు లాగేస్తాది. నొప్పెడతాది" అని పిల్ల పేజీ తిప్పింది.

అమ్మమ్మ నా వైపు ఒకసారి చూసి, పెట్టె మీద కూర్చుని, "సదువు" అంది. ఆ పెట్టెలో ఏముందో చదవడం అయ్యాక తెలిసింది. కొత్త పరికిణీలు, నడుము దగ్గర బాగా వదులుగా కుట్టించినవి.