ఎర్మెస్ చూపే రుజువు

కార్నియా కొండపల్లెలలో పొగగొట్టాలను తనిఖీచేసే ఎర్మెస్, గడప ముందు బూట్లు రెండుమార్లు తుడుచుకోనిదే ఏ యింటా అడుగుపెట్టడు. ఒంటరి ముసలి ఒనోరినా ఇంట కట్టెపొట్టు గుళికలతో మండే పొయ్యి గొట్టం కప్పు పైకి పోక, గోడలోనుంచి అడ్డంగా బయటికి పోయింది.

"పొగని పొయ్యిలోని పంకా బయటికి నెడుతోందిగా నాయనా!" అన్నదామె.

"కరెంటు పోతే ఎవడు నెడతాడే అవ్వా, సమాధిలోంచి నీ మొగుడా?" అంటూ ఎర్మెస్ మండుతున్న పొయ్యి కరెంటు తీగ లాగివేసి, కిటికీ మూసి, కుర్చీలో కూర్చున్నాడు. పొగ గదిలోకి తిరిగివచ్చింది.

"నా పిట్టనైనా బయట పెట్టనియ్యి, బాబూ!"

"ఉండనీ. నా మాట నమ్మవు, దాని మాటైతే నమ్ముతావు."

పంజరంలోని పసుపుపిట్ట కాళ్లుచాచి చచ్చిపడిన తరువాతనే అతడు కిటికీ తెరిచాడు. ఇక వెలిగించకుండా పొయ్యికి ముద్ర వేసి, 'గొట్టం కప్పును దాటలేదు. రుజువు: ఒక పిట్ట' అని కాగితం మీద పొందికగా వ్రాశాడు. వెళ్లేముందు, పంజరానికి పట్టిన మసిని తన రుమాలుతో శుభ్రంగా తుడిచాడు.